మెడ తిప్పితే

ముప్పై ఎనిమిది వేలు.
చెనాయ్ ట్రేడ్ సెంటర్ రెండో అంతస్తులో
ఇర్ఫాన్ ఆ వీఆర్ హెడ్‌సెట్‌ని గుడ్డతో తుడిచి
పసిపిల్లను అందించినట్టు నా చేతుల్లో పెట్టాడు.
"సెకండ్ హ్యాండే అన్నా, కానీ ఒక్క గీత లేదు.
ఆదివారం దాకా ఉంచుకో. నచ్చకపోతే తెచ్చెయ్."

నేను లిఫ్టులు బాగుచేస్తాను.
పగలంతా నా ప్రయాణం పైకీ కిందికీ,
ఇనుప తాళ్ల వెంట, ఒకే గీత మీద.
రాత్రి పదకొండు దాటాక బోయిన్‌పల్లి గదిలో
పాత డైనింగ్ కుర్చీ తెర ముందుకు లాక్కుని
బేగంపేట రన్‌వే మీంచి చిన్న సెస్నాను లేపుతాను.
అసలు రన్‌వే మీద మనలాంటివాళ్ల విమానాలు దిగడం మానేసి చాలా ఏళ్లయింది.
నావి దిగుతాయి. రాత్రికి మూడో నాలుగో.
కొన్ని బాగానే.

సర్వీస్ రిపోర్టు వెనకవైపు లెక్క రాసుకున్నాను.
కళ్లద్దాల మీద పెట్టుకుంటే ముక్కు నొక్కుకుపోతుంది.
ఆల్టిమీటర్ అంకెలు జేబులో తడిసిన బస్ టికెట్ మీది అంకెల్లా ఉంటాయి,
చదవాలంటే పాలగిన్నెలోకి పిల్లిలా వంగాలి.
కీబోర్డు కనబడదు.
టీ గ్లాసు కనబడదు, రెండుసార్లు తన్నేశాను.
పాత గ్రాఫిక్స్ కార్డు మే నెల కూలర్‌లా రొప్పుతోంది,
కొత్తది ఇంకో నలభై వేలు.
మొదటి రాత్రి మబ్బులో విమానాన్ని వంచానో లేదో
కడుపులో బగారన్నం అటే వంగింది.
అన్నీ ఊడదీసి బాత్‌రూమ్ గోడ పట్టుకుని నిలబడ్డాను.
చల్లగా, నిటారుగా, కదలకుండా,
ఎంత మంచి గోడ!

ఇదంతా ఒకవైపు.
రెండోవైపు రాయడానికి ఒక్క మాటే దొరికింది: మెడ.

తెర మీద ఎడమకు చూడాలంటే బొటనవేలితో గుండీ నొక్కాలి,
లోకం టక్కున పక్కకు జరుగుతుంది.
దీన్లో, హుసేన్ సాగర్ మీదుగా తూర్పుకు పోతూ
ఊరికే మెడ తిప్పాను.
రెక్క అవతల రన్‌వే. అక్కడే ఉంది, నా భుజానికి పక్కన.
అది వెనక్కి జారేదాకా చూసి
సికింద్రాబాద్ కప్పుల మీద ఒకసారి వంచి, మళ్లీ వంచి, దించాను.
ఏడాదిగా నేలను గుద్దుతున్నానే తప్ప దిగలేదని అప్పుడు తెలిసింది.
తెరలో నేల పెద్దదవుతుంది.
ఇక్కడ నేల దగ్గరవుతుంది.
లిఫ్టు గుంతలో నిలబడి
నెత్తి మీదికి డబ్బా దిగుతుంటే చూసినవాడికి
ఆ తేడా చెప్పనక్కర్లేదు.

కింది వాటాలో యాదగిరన్న ఉంటాడు.
బేగంపేటలో ఇరవై ఆరేళ్లు
విమానాలకు చేతులూపి దారి చూపినవాడు.
రోజూ నా పక్కన స్టూలేసుకుని
"మస్తు ఎత్తుల ఉన్నవ్ బిడ్డా, దించు" అని తెరను తిడతాడు.
ఈ మూడు రాత్రులూ వచ్చాడట.
ఎప్పుడు లేచి వెళ్లాడో నేను చూడలేదు.

శనివారం ఆయన తలకే బెల్టు బిగించాను.
ఆయన కోసం ఎయిర్‌బస్ పెట్టాను, ఇంజిన్లు ఆపి, ఆప్రాన్ మీద.
మీటర్లు చూడలేదు, పిడి ముట్టలేదు.
మెడ సాచి, అద్దంలోంచి కిందికి,
ఖాళీ కాంక్రీటు వైపు చాలాసేపు చూశాడు.
"ఇగో, గీడ. గీడనే నిలవడుతుంటి."
కాసేపాగి,
"గింత చిన్నగ కనవడుతుంటినా ఆళ్లకు?"
ఆయన చేతులు వాటంతటవే లేచాయి,
మోచేతుల దగ్గర మడిచి, వెనక్కి, ఇంకా వెనక్కి,
రా, రా, ఇంకొంచెం,
గోడ క్యాలెండర్‌కి తగిలి ఆగాయి.

ఆదివారం ఇర్ఫాన్ అడిగాడు, ఎట్లుందన్నా అని.
అంకెలు కనబడవు, అన్నాను.
"మరి వాపసా?"
పదివేలు ఇప్పుడు, మిగతాది నెలకు నాలుగు చొప్పున, అన్నాను.
"కొత్త కార్డు కూడా కావాలి కదన్నా?"
తర్వాత చూద్దాం.
ఇంజిన్ ఆపి ఉన్న విమానానికి పాతది సరిపోతుంది.