కొలతల పుస్తకం

నా దగ్గర వాళ్ల అడ్రసులు లేవు.
కొలతలున్నాయి.

చెంగల్రాయులు: ఛాతీ ముప్పై ఆరు, కుడిభుజం అరంగుళం కిందికి.
చిత్తూరు మామిడి మండీలో ఇరవై ఏండ్లు బుట్టలు మోసిన భుజం.
రెడ్డెప్ప: లోపల చోరజేబు కావాలన్నాడు,
"జీతం దుడ్లు బస్సులో పోకూడదు కదక్కా."
కుట్టినాను. ఆ జేబుకి గుండీ కూడా పెట్టినాను.
దిల్షాద్: ఛాతీ ముప్పై.
"పక్కల్లో రవంత గుడ్డ వదిలిపెట్టక్కా,
నెలజీతం తింటే లావవుతానేమో" అని తనే నవ్వింది.
రెండు పక్కలా అంగుళం వదిలినాను.

ఆఫీసు హైరోడ్డులో, సెల్లుల కొట్టు మీద మిద్దెలో.
తిరుపతి ఆసుపత్రుల్లో, రేణిగుంట ఎయిర్‌పోర్టులో
నలభై పోస్టులని పాంప్లెట్ వేసినారు.
రిజిస్ట్రేషనుకి ఐదొందలు,
మెడికల్‌కి పన్నెండొందలు,
పోలీసు కాయితానికి ఇంకో ఎనిమిదొందలు,
యూనిఫారానికి రెండువేల రెండొందలు.
అందులో నా కుట్టుకూలి నూట ఎనభై.
అది కూడా రాసుకోమన్నాడు సారు,
"మనం మనం ఒకటి గదక్కా" అని.

నలభై నీలం చొక్కాలు.
జేబు మీద పసుపు దారంతో రెక్కలిప్పిన పక్షి.
మూడు రాత్రులు మిషను తొక్కినాను.
నాలుగో రాత్రి కరెంటు పోతే
సెల్లు లైటు నోట కరుచుకోని కాజాలు తీసినాను.
తెల్లారి చూస్తే పక్షికి కన్ను లేదు.
నేనే పెట్టలేదు.
ఎవురూ అడగలేదు.

సోమవారం ట్రైనింగని రమ్మన్నారంట.
పొద్దున ఆరుకే, ఇస్త్రీ మడత నలక్కుండా,
నలభై మందీ మెట్ల కింద నిలబడినారంట
గంగజాతరకి వేషం కట్టినోళ్ల మాదిరి.
పైన బీగం.
సెల్లుల కొట్టాయన
"నాకే మూడు నెలల బాడిగ రావాల" అన్నాడంట.

మధ్యాన్నానికి నేను గుర్తొచ్చినాను వాళ్లకి.
ఆ ఆఫీసుకి ఊర్లో మిగిలిన గడప నాదొకటే.
అరుగు నిండా నీలం.
"ఆయన యాడుంటాడక్కా?"
"చొక్కాలు నువ్వే గదా కుట్టింది, నీకు తెలీకుండా ఉంటాదా?"
ఒకామె నా మిషను మీద చెయ్యేసి నిలబడింది,
ఎంత బరువుంటాదో చూసేదానిలాగా.
బాకీ పేజీ తీసి చూపించినాను.
ఏడువేల రెండొందలు.
చదివి, నా మొగం చూసి,
ఒక్కొక్కరే చెప్పులేసుకున్నారు.
నేను జానెడు గుడ్డ కూడా మిగిలించుకోలేదు.
అయినా ఆ సిగ్గు యాడినుంచి వచ్చిందో
ఇప్పటికీ తెలీదు.

స్టేషన్లో ఎస్సై అడిగినాడు:
మనిషి ఎత్తెంత, లావెంత?
అంతమంది ఒళ్లు తెలిసినదాన్ని,
ఆయనొక్కడికే టేపు పెట్టలేదు.

ఇప్పుడా చొక్కాలు ఊర్లో తిరగతా ఉంటాయి.
ఒకటి మురకంబట్టు దారిలో చెరుకు లారీ మీద,
ఒకటి పల్ప్ ఫ్యాక్టరీ గేటు కాడ టెంకల వాసనతో,
ఒకటి సెనక్కాయ చేన్లో, కట్టెలకి తొడిగి,
గుడ్డిపక్షి నిజం పక్షుల్ని తోలతా ఉంది.
కొందరు పక్షిని నా దగ్గరే బ్లేడుతో ఇప్పించుకున్నారు.
దారం వచ్చేసింది. సూది బొక్కలు పోలేదు.
ఎండకి వెలవని ముదురు నీలంలో
రెక్కలు అట్లే ఉండాయి.

నేనూ గోడకి ఒక అట్టముక్క తగిలించినాను:
కూలి ముందుగా ఇవ్వవలెను.

నిన్న దిల్షాద్ వచ్చింది.
ఎర్రగడ్డల మండీలో ఏరేదానికి పోతా ఉందంట, ఆ చొక్కాతోనే.
"పక్కలు పట్టెయ్యక్కా, వదులైపోయింది."
టేపు పెడితే ఇరవై తొమ్మిది.
నేను వదిలిన అంగుళం లోపల మడతలోనే ఉంది,
ఎండ తగలక, కొత్తగుడ్డలాగా.
పాప అట్టముక్క చదివింది. నిదానంగా, రెండుసార్లు.
చున్నీ ముడి ఇప్పి ఇరవై నోటు తీసి
"ముందే ఇయ్యాల్నా అక్కా?" అనింది.

నోట్లో గుండుసూదులుండాయి.
అందుకని మాట్లాడే పని తప్పింది.