సైదాపురం మీదుగా కోడూరుకి

పొదలకూరు దాటేసరికి
పులిబొంగరాల పొట్లం ఖాళీ.
ముగ్గురు పట్టే వెనక సీట్లో ఐదుగురం.
కిటికీ పక్కన చెంగమ్మత్త,
ఒళ్లో నీళ్ల సీసా, దాని మీద రెండు చేతులూ,
ఎవరో పసిబిడ్డని అప్పజెప్పినట్టు.

"ఈడ ఎడం పక్క తిప్పబ్బయ్యా" అంటుంది.
ఫోను కుడి అంటుంది.
మా బావ నారసింహులు ఇద్దరి మాటా వినక
నిమ్మతోటలోకి పోనిచ్చాడు.
కాటా వేస్తున్న పెద్దాయన దారి చెప్పి
నాలుగు కాయలు చేతిలో పెట్టాడు:
"గనులా? ఏముండాయి ఆడ చూసేదానికి?
గుంటలు!"

నిజమే. గుంటలే.
తుమ్మచెట్లు నోరు మూసిన గుంటలు.
ఒకదాంట్లో మాత్రం నీళ్లు,
ఆకుపచ్చ కాదు, నీలం కాదు,
పాత సిరాబుడ్డి కడిగిన రంగు.
హవీష్ రాయి విసిరి గబగబా లెక్కపెట్టాడు.
నాలుగు దాకా వచ్చాకగానీ
చప్పుడు వినపళ్లేదు.

అత్త కారు దిగలేదు.
దిగమని ఎవరం అనలేదు కూడా.
అద్దం దించి,
"షెడ్డు ఆ చింతచెట్టు కాడ" అంది.
అక్కడ చింతచెట్టు లేదు.
షెడ్డూ లేదు.
ఒక సెల్ టవరు, కట్టేసిన రెండు మేకలు.

తొమ్మిదో ఏట మొదలంట.
గోనెపట్టాల మీద వరసగా ఆడపిల్లలు,
బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుని
చిన్న కత్తితో పలక అంచున సందు వెతికి...
"ఉల్లిపొర తీసినట్టు తియ్యాల.
చిరిగిందా, కూలి కోత.
ఊపిరి గట్టిగా వదిలితే
ఎగిరిపోయేవి మే పొరలు.
అందుకే మెల్లిగా పీల్చేవాళ్లం."
ఇప్పటికీ అట్లాగే పీలుస్తుంది.
నేను ఇన్నేళ్లూ
అది నెమ్మదితనం అనుకున్నాను.

మామ సంగతి ఎత్తలేదు.
లోపలికి దిగేవాడని, దీపం పట్టుకుని,
అంతవరకే మా ఇంట్లో అందరికీ తెలుసు.

పిల్లలు జేబులు నింపుకున్నారు.
నేలంతా పగిలిన అద్దాల దుకాణం.
"కాకిబంగారం" అని పేరు చెప్పింది అత్త.
"కాకి ఎందుకు?" హవీష్.
"కాకిని మోసం చెయ్యబోయి
మనిషి మోసపోయినందుకు" మా బావ.
"నువ్వు రోడ్డు చూడు" అత్త.

తిరుగుదారిలో మా ముందర
తెల్లరాయి లారీ, టార్పాలిన్ కప్పుకుని.
మనుబోలు దాకా దాని దుమ్ము తిన్నాం.
హైవే మీద దాటేశాం.
టీ తాగుతుంటే మళ్లీ అదే మమ్మల్ని దాటింది.
ముత్తుకూరు రోడ్లో మూడోసారి కనపడ్డాక
పిల్లలు దానికి పెద్దన్న అని పేరుపెట్టి
చేతులూపారు.
రొయ్యల చెరువుల్లో చక్రాలు
ఎవరి మజ్జిగో చిలుకుతున్నాయి.
లారీ కృష్ణపట్నం వైపు తిరిగిపోయింది.
"అది ఓడెక్కుతుంది" అంది అత్త.
"మనం చూసొస్తాం. అంతే తేడా."

కోడూరులో సరుగుడు తోపు దాటాక
సముద్రం ఒక్కసారిగా రాలేదు.
ముందు చప్పుడు, తర్వాత ఉప్పు,
ఆ తర్వాత మొక్కజొన్న కంకుల పొగ.

ఇక్కడ దిగింది అత్త.
కుచ్చిళ్లు ఎగదోపుకుని
మోకాళ్ల లోతు దాకా వెళ్లి నిలబడింది.
హవీష్ జేబులోంచి ఒక పలక తీసిచ్చాడు.
గోరుతో అంచు నొక్కింది. వంచింది.
ఒకటి రెండయింది. రెండు నాలుగు.
చివరి పొర ఎంత పలచనంటే
అందులోంచి ఆమె చేతిగీతలు చదవొచ్చు.
అరచెయ్యి పైకెత్తి
ఉఫ్ అని ఊదింది.
గట్టిగా.

"భలే చీల్చావత్తా" అన్నాను.
"ఏం భలే, ఓ మూల చిరిగింది" అంది,
దగ్గు ఆగాక.

ఇరవై రోజుల తర్వాత
మాగుంట లేఅవుట్లో కారు కడిగే కుర్రాడు
మ్యాట్లు దులుపుతూ పిలిచాడు:
"మేడం, లోపల అద్దమేదన్నా పగిలిందా?"
వంగి చూశాను.
ఏది ఇసుకో, ఏది గనిదో
ఎండలో రెండిటికీ ఒకటే మెరుపు.
"లేదు, ఊరికెళ్లొచ్చాం" అన్నాను.
పైపు తిప్పాడు.
సగం కాలవలోకి పోయింది.
సగం ఇంకా సీట్ల సందుల్లోనే ఉంది.