సంతకం ముందు

బ్రేమర్‌హాఫెన్ చేపల రేవు వెనక
ఒకప్పుడు వలలు దాచిన షెడ్డు.
మంగళవారం రాత్రుళ్ళు అక్కడ నాటకం నేర్చుకుంటాం
పదకొండు మందిమి.
పగలంతా హెర్రింగ్ పొట్టలు కోసిన వేళ్ళు నావి,
ఎంత కడిగినా వాసన పోదు.
"ఉండనీ" అంది గుడ్రున్ టీచరు మొదటిరోజే,
"ఎవరి వేషం వేసినా ఆ చేతులు నీవేనని గుర్తుచేస్తుంది."

నాకిచ్చిన దృశ్యం చిన్నది.
ముప్పై ఒక్క ఏళ్ళు ఓడలకి వెల్డింగ్ చేసిన మనిషిని
ఇక రావద్దంటారు.
ఫోర్‌మన్ ఒక చేతి గడియారం ఇస్తాడు.
మనిషి థాంక్స్ చెబుతాడు.
అంతే.

అది మా నాన్న. ఎవరికీ చెప్పలేదు.
ఏడ్చాను. బాగా ఏడ్చాను.
గొంతు ఎక్కడ వణకాలో సరిగ్గా అక్కడే వణికింది.
వీబ్కె కళ్ళు తుడుచుకుంది, హెన్నింగ్ ముక్కు చీదాడు.
లోలోపల నాకు గర్వం.

గుడ్రున్ లేచి లైట్లన్నీ వేసింది.
మూలన చీపురు, పగిలిన బకెట్టు, వేలాడే వైర్లు
ఒక్కసారిగా బయటపడ్డాయి.
"అందరూ ఏడ్చారు, బాగుంది.
ఇప్పుడు చెప్పండి, ఆ గడియారం ఖరీదెంత?
ముప్పై ఒక్క ఏళ్ళకి పంచితే ఏడాదికెంత?"
మాకు లెక్కలు రాక కాదు.
కంట్లో నీళ్ళుంటే అంకెలు అలుక్కుపోతాయి.

ఆ రోజునుంచి నన్ను నాలోంచి విడదీయడం మొదలుపెట్టింది.
'థాంక్స్' అనకు, 'అతను థాంక్స్ అన్నాడు' అను.
పక్కింట్లో జరిగినట్టు చెప్పు.
'అతను తిట్టలేదు, థాంక్స్ అన్నాడు' అని చెప్పు,
అనని మాట కూడా జనానికి వినపడాలి.
నాలుక మడతపడేది.
వేషాన్ని ఒంటికి తొడుక్కోవడమే తెలుసు నాకు.
కోటులా చేతిమీద వేసుకుని నడవడం ఒంటబట్టేసరికి
శీతాకాలం సగం అయిపోయింది.

తర్వాత ఫోర్‌మన్ వేషం వెయ్యమంది.
వెయ్యనన్నాను. వేశాను.
ఆ బూట్లలో నిలబడ్డాక తెలిసింది,
వాడి జేబులోనూ ఒక జాబితా ఉంది,
చివర్లో తన పేరుందేమోనని వాడూ వెతుక్కున్నాడు.
జాలేసింది.
"జాలి దగ్గర ఆగకు" అంది గుడ్రున్.
"జాబితా టైపు చేయించిందెవరు?"

మార్చిలో యూనియన్ క్యాంటీన్‌లో వేశాం.
దుప్పటితో కుట్టిన సగం తెర,
దాని వెనక బట్టలు మార్చుకునే మా తలలు.
ముందే ఒక అట్టమీద రాసి నిలబెట్టాం:
ఈ దృశ్యంలో ఒకరికి గడియారం ఇస్తారు,
అతను థాంక్స్ చెబుతాడు.
ఏమవుతుందోనని ఎవరూ ఊపిరి బిగబట్టక్కర్లేదు,
ఎలా అవుతుందో చూస్తే చాలు.

మూడో వరసలో నాన్న. ముందు బీరు, నురగ చచ్చిపోయింది.
హెన్నింగ్ గడియారం చాచాడు.
నేను చెప్పాను: "అతను తీసుకున్నాడు, థాంక్స్ అన్నాడు.
ఆ తర్వాత కాగితంమీద సంతకం పెట్టాడు."

"కాదు."

కుర్చీ కిర్రుమంది.
ఏడేళ్ళుగా ఆ రోజు ఊసెత్తని మనిషి,
టీవీలో షిప్‌యార్డు కనిపిస్తే లేచి వంటింట్లోకి వెళ్ళే మనిషి,
బడిపిల్లాడిలా చెయ్యెత్తి నిలబడ్డాడు.
"సంతకం ముందు. గడియారం తర్వాత.
కాగితం చదవనివ్వలేదు. చదివుంటే..."
ఆగాడు.
"చదివుంటే?" అంది గుడ్రున్, గోడ దగ్గర్నుంచి.
వెనక బల్ల దగ్గర ఎవరో, "నాకూ అంతే" అన్నారు.
"నాకు గడియారం కూడా లేదు" అన్నాడింకొకడు.
క్యాంటీన్ నవ్వింది. నాన్న నవ్వలేదు,
కానీ కూర్చోలేదు కూడా.

గడియారం హెన్నింగ్‌కి తిరిగిచ్చేశాను.
మళ్ళీ మొదట్నుంచి.
కాగితం బల్లమీదికి జరిపి,
వేషంలో ఉన్నానో లేనో పట్టించుకోకుండా
నాన్ననే అడిగాను:
"పెన్ను ఎవరిది?"

చాలాసేపు ఆలోచించాడు.
"నాదే" అన్నాడు.