ఒకటి మిగులు

ముహు దీవిలో మంచు కిటికీ సగందాకా పేరుకుంది.
"ఏదో ఒక అంకె చెప్పు అవ్వా" అంది కైసా.
నలభై ఒకటి, అంది లేయిదా, ఆలోచించకుండా.

"సగం చెయ్యి. మిగిలింది పక్కన వెయ్యి."
ఇరవై, ఒకటి మిగులు.
పది, సున్న.
ఐదు, సున్నే.
రెండు, ఒకటి మిగులు.
ఒకటి, సున్న.
చివరి ఒకటి దగ్గర పెన్సిలు ఆగింది.
"దానికి సగం లేదు. అదే మిగులు.
ఇక కిందనుంచి పైకి చదువు."

చదవలేదు. సూదులందుకుంది:
ఒకటికి ఎర్ర కుట్టు, సున్నకు తెల్లది,
చేతి తొడుగుకు మణికట్టు దగ్గర ఆరు.

మార్చిలో సముద్రపు మంచు విరిగి
ఆర్వో మునిగేనాటికి నలభై ఒకటి.
పిల్లకెవరూ చెప్పలేదు.

"కొసన మళ్ళీ ఒకటేంటే?"
"బేసి కదా అవ్వా, ఒకటి మిగలక తప్పదు."

లేయిదా దారాన్ని పళ్ళతో తెంపింది.