అరసున్న

హల్ ఊళ్లో టెలిఫోన్ డబ్బాలు ఎర్రగా ఉండవు, మీగడ రంగు.
అలాంటి డబ్బా ఒకదాని పక్కన
పదకొండు పౌండ్ల కిరాయి దగ్గర
మా తమ్ముడు శశాంక్ టాక్సీ ఆగిపోయింది.

జడ్జి గారు ఆ రోజు లెక్క కట్టారు.
మొదలు పదిహేనేళ్లు.
కిందపడ్డాక కూడా తన్నినందుకు ఇంకో మూడు.
పంతొమ్మిదేళ్ల కుర్రాడు కాబట్టి ఒకటి తీసివేత.
రిమాండులో గడిపిన రెండొందల పదకొండు రోజులూ తీసివేత.
దాన్ని టారిఫ్ అంటారట ఇక్కడ,
లాడ్జి గోడ మీద గది అద్దెలా.
శిక్ష పేరు మాత్రం యావజ్జీవం.
సంధి విడదీస్తే యావత్, జీవం.
ఎవరి జీవమో బడిలో మేష్టారు చెప్పలేదు.

ఇప్పుడు గ్లెనిస్ గారొచ్చారు, ఫైలుతో, తడిసిన గొడుగుతో.
పెరోల్ బోర్డుకి నేను రాసింది నాలుగు పేజీలు.
వదలొద్దు అన్న చోటల్లా పెన్సిల్ గీత.
"మీకేం జరిగిందో చెప్పండి,
అతన్నేం చెయ్యాలో చెప్పకూడదు."
నియమం అది. ఆవిడ తప్పేం లేదు. టీలో చక్కెర కూడా వద్దంది.
పేజీన్నర మిగిలింది.
అందులో నా నిద్రమాత్రల పేరుంది,
వాడి ఫోను బిల్లు ఇంకా కడుతున్న సంగతి ఉంది.

తర్వాత మ్యాపు పరిచింది.
ఒకవేళ వదిలితే
అతను అడుగు పెట్టకూడని వీధుల చుట్టూ
సున్నా చుట్టమంది.
మా ఇల్లు. నేను పనిచేసే మందుల షాపు. ఆ మీగడ డబ్బా.
హంబర్ నది కూడా అన్నాను, వాడి బూడిద అందులోనే కలిపాం.
"నదిని చుట్టలేమండీ, చాలా పొడవు"
అంది గ్లెనిస్, బొత్తిగా నవ్వకుండా.

షాపు వెనక సందులో పన్నెండో నంబరు.
మందుల సంచీ మీద ఆ చిరునామా రాసేది నేనే.
అతని తల్లి. ఊపిరితిత్తులు.
ఏడేళ్లుగా కౌంటరుకి అటూ ఇటూ
వానల గురించే మాట్లాడుకుంటాం.
ఆవిడకి నేనెవరో తెలుసు.
తెలుసని నాకు తెలుసు.

వదలొద్దనే రాశాను. ఇప్పుడడిగినా అదే అంటాను.
అయినా ఆ సందు మొదట్లో పెన్సిల్ ఆగింది.
కొసలు రెండూ కలవలేదు.
"పూర్తి చెయ్యండి" అంది గ్లెనిస్.

దాని వంకే చూస్తున్నాను.
అరసున్న.
మా తాతల కాలంలో
రాసేవాళ్లు,
పలికేవాళ్లు కాదు.