ఇచ్చినవాడు

ఫారం మీద నా పేరు పక్కన
రుణగ్రహీత అని అచ్చు వేసి ఉంది.
చదువుతుంటే ఏదో గ్రహణం పట్టినట్టుంది.

రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు బాగుచేసే చేతులు,
గ్రీజు పోయేదాకా కిరసనాయిలుతో కడుక్కుని
రాజోలు బ్రాంచికి వెళ్లాను.
యాభై రెండు సంతకాలు.
ముప్పయ్యోదాని దగ్గర నా పేరు నాకే కొత్తగా కనపడింది,
సుందరరత్నంలో రెండో సున్న మర్చిపోయాను.
కలవట్లేదు, మళ్లీ పెట్టమన్నారు.

సరోజిని సహ రుణగ్రహీత.
ఒక్కో అక్షరాన్ని కాజా కుట్టినట్టు కుట్టింది.
పెళ్లినాడు కూడా ఇంతసేపు నీ పక్కన కూచోలేదు, అంది.

బ్యాంకు అప్పిచ్చిందంటారు ఊళ్లో.
ఇచ్చింది, కాదన్ను.
మరి తనఖా ఇచ్చిందెవరు?
నాలుగు సెంట్ల మూల దస్తావేజు,
మా మామ్మ వేలిముద్రున్న పాత కాయితం,
ఇంకా లేవని గోడలు,
ఇరవయ్యేళ్ల ఐదో తారీకులు,
అన్నీ బల్లమీద ఇటునుంచి అటు తోసింది నేను.
ఆ గదిలో ఆరోజు
ఎక్కువ ఇచ్చినవాణ్ణి నేనే.

పదకొండో పేజీలో చీమల్లాంటి అక్షరాలు:
తెలిసిన సంగతి ఏదీ దాచరాదు.

విలువ కట్టే ఇంజినీరు వచ్చాడు.
రోడ్డు చూశాడు, స్థలం టేపుతో కొలిచాడు.
"ఇక్కడిదాకా నీరొస్తుందా?"
సరోజిని నా కాలు తొక్కింది.
గట్టవతల వశిష్ఠ, ఏమీ ఎరగనట్టు.
పక్కింటి అబ్బులు గారి గోడకి
ఎనభయ్యారు వరద గీత సున్నం కింద ఉంది.
చిన్నప్పుడు దాంతో ఎత్తు చూసుకునేవాణ్ణి.

గోకి చూపించాను.

లక్షన్నర తగ్గింది.

రెండో గది లేదు.
పునాది మాత్రం ఆ గీతకి జానెడు పైకి లేపాను.
స్లాబు మీద చువ్వలు తుప్పుపట్టి నిలబడ్డాయి,
వాటికి తాడు కట్టి బట్టలారేస్తుంది సరోజిని.
ఆ గీత ఊసు మాత్రం ఎత్తదు.
ఐదో తారీకు ఫోను టింగుమంటుంది:
పదకొండు వేల నాలుగొందలు,
అందులో అసలుకి చేరేది రెండు వేల చిల్లర,
మిగతాది కాలవలో పోసిన నీళ్లు.

మొన్న శ్రావణంలో ఏరు గట్టు దాటింది.
రాత్రంతా మెట్ల మీదే కూచున్నాం టార్చిలైటుతో.
మూడో మెట్టు దగ్గర ఆగింది.
తెల్లారి నీరు తీశాక
సరోజిని మేకు పట్టుకుని దిగింది,
తనఖాలో ఉన్న గోడకి, తడి ఆరకముందే
అడ్డంగా ఒక గీత గీసింది.

తారీకు నన్ను వెయ్యమంది.