ఎనిమిది అక్షరాలు

మొదటి పేరు నేనే రాసిన, గడియారం సెంటర్ల, గోడ మీద.
'టోక్యో వీడియో గేమ్స్, నల్లగొండ.'
ఎర్ర ఎనామిల్, పసుప్పచ్చ నీడ,
కింద మూలకు బియ్యపు గింజంత 'సైదులు ఆర్ట్స్'.

జిలానీ భాయ్ టోక్యో చూడలే.
నేను భీవండి గుడ చూడలే.
పట్నంల పాత సామాన్ల కాడ కొన్న ఆరు డబ్బాలు,
ఒక డబ్బా పక్కకు అంటిచ్చిన కాగితం,
దాని మీద వంకర టింకర గీతలు ఎనిమిది.
"గివి గుడ దించు సైదులూ, అసలు జపాన్ లెక్క కొడ్తది" అన్నడు.
చాయ్ సల్లారేదాంక చూసిన.
ఏది తల, ఏది తోక తెల్వకుంటనే దించిన.

పైసలొచ్చినయి.
దేవరకొండల ఒకటి, మిర్యాలగూడ రైలుగేటు పక్కపొంటి ఒకటి.
మూడూర్లల్ల అవే ఎనిమిది.
బడి ఎగ్గొట్టిన పోరలు
చెమట చేతుల్ల రూపాయి బిళ్ళలు పిసుక్కుంట
వాటి కిందికెల్లే దూరేటోళ్ళు.

భాయ్ తమ్ముడొచ్చి 'సూపర్ టోక్యో' అన్నడు,
టోక్యోను జెర జరిపి సూపర్‌ను ఇరికించిన.
అల్లుడొచ్చి 'గేమ్ జోన్' అన్నడు, అంతా నీలం గావాలన్నడు.
చేతిచేతికి ఫోనొచ్చినంక
దేవరకొండది జిరాక్స్ సెంటరైంది,
మిర్యాలగూడది బిర్యానీ.
మిగిలినదాన్ని పట్నం కంపెనీ కొన్నది.
పేరు నాకు నోరు తిరగదు.
ఊదారంగు ఫ్లెక్స్, చుట్టచుట్టి కొరియర్ల వచ్చింది.
నాకిచ్చిన పని, పాత రంగు గీకుడు.

నీలం కింద పచ్చ, పచ్చ కింద ఎరుపు,
ఎరుపు కింద నా ఇరవై ఎనిమిదేండ్ల చెయ్యి.
మర్రిగూడ బాయినీళ్ళు
ఎముకలల్ల గడ్డకట్టక ముందటిది,
కుంచె తిప్పితే తిరిగేది.

సద్ది తెచ్చిన మనమరాలు
ఫోను గోడకు సూపెట్టింది.
"తాతా, గిదేందో ఎర్కేనా?
తడి చేతుల్తో ముట్టకు. గంతే!"

అది నవ్వింది. నేను గుడ నవ్విన.
పేరు మారిన ప్రతిసారి
వీటిని మాత్రం ఉండనియ్యి అన్నరు అందరు,
జపాన్ అంటే అదే గదా అని.
నేనేమో వీటిని ఎన్నడు
పొడి చేతుల్తో ముట్టింది లేదు.

గీకుడు రేకు పక్కకు వెట్టి నాలుగు మెతుకులు తిన్న.
ఏడు పోయినయి. ఎనిమిదోది ఇంక గోడ మీదనే ఉంది.
చెయ్యి కడుక్కొని
తుడుసుకోకుంటనే
దాని మీద వెట్టిన.